ఫిట్స్ మందులు, ఒంటిమీద కమిలిన మచ్చలు: ఏ మందుతో ఎంత ముప్పు, ఎప్పుడు మార్చాలి

ఫిట్స్ మందులన్నీ రక్తాన్ని ఒకేలా ఇబ్బంది పెట్టవు. వాల్‌ప్రోయేట్ ప్లేట్‌లెట్లను నేరుగా తగ్గిస్తుంది, అదీ డోసును బట్టి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ చాలామందిలో ప్లేట్‌లెట్ల జోలికి పోవు. అవి చిక్కు తెచ్చేది రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి మందులతో కలిసినప్పుడు. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్‌లతో ఈ బెడద బాగా తక్కువ. అలాగని అందరూ వాల్‌ప్రోయేట్ మానేసి లెవెటిరాసెటమ్‌కు మారిపోవడం తెలివైన పని కాదు. మీకు వచ్చే ఫిట్స్ ఏ రకం, ఇంకా ఏయే మందులు మింగుతున్నారు, దగ్గర్లో ఆపరేషనో కాన్పో ఉందా అన్నవి తేలితే తప్ప ఎంపిక కుదరదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. మచ్చలు కనిపించాయని మందు మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా మానితే ఫిట్స్ వరసగా, ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రోజు డోసు వేసుకుని, సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షకు రక్తం ఇచ్చి, మందు రాసిన డాక్టర్‌కు కబురు చేయడం సరైన పని.

ఆ మచ్చ మందు వల్లేనా?

ఫిట్స్ వచ్చే మనిషి ఒంటిమీద మచ్చలకు మందు కాకుండా ఇంకో పెద్ద కారణం ఉంది: ఫిట్సే. పడిపోయినప్పుడు భుజం, మోచెయ్యి, కణత, మోకాలు కొట్టుకుంటాయి. నిద్రలో ఫిట్స్ వస్తే పొద్దున లేచేసరికి మచ్చ ఉంటుంది, ఎలా వచ్చిందో గుర్తుండదు. నాలుక పక్కన కొరుక్కున్న గాయం, తడిసిన పక్క, ఒళ్లునొప్పులు తోడుంటే ముందు ఫిట్స్‌నే అనుమానించాలి. పెద్ద ఫిట్స్ తర్వాత కనురెప్పల చుట్టూ, మెడ మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు రావడం కూడా ఉంది. ఛాతీ కండరాలు బిగుసుకున్నప్పుడు సన్నటి రక్తనాళాలు ఒత్తిడికి చిట్లడం వల్ల అవి వస్తాయి. ముఖం, మెడ, ఛాతీ పైభాగానికే పరిమితమై కొద్దిరోజుల్లో పోతాయి.

మందు వల్ల ప్లేట్‌లెట్లు తగ్గితే కనిపించే తీరు వేరు. ఎర్రచుక్కలు రెండు కాళ్ల పిక్కల దగ్గర, చీలమండల చుట్టూ మొదలవుతాయి. కడుపు, తొడల లోపలి వైపు, వీపు లాంటి మామూలుగా దెబ్బ తగలని చోట్ల కమిలిన మచ్చలు తేలతాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, ముక్కు నుంచి మళ్లీమళ్లీ రక్తం, గడ్డం గీసుకున్నప్పుడు పడిన చిన్న గాటు చాలాసేపు కారడం, ఆడవాళ్లకు నెలసరి ఎక్కువ రోజులు సాగడం తోడవుతాయి. చుక్కల మీద గాజు గ్లాసు పక్కభాగం ఆనించి నొక్కి, గాజులోంచి చూడండి. రంగు మాయమైతే అది మామూలు ఎరుపు, దద్దురు కావచ్చు. నొక్కినా రంగు పోకపోతే చర్మం కింద రక్తం చేరిందని అర్థం.

మూడో సంగతి చాలామందికి తట్టదు. ఫెనిటాయిన్ రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటి పెరిగేకొద్దీ నడక తూలుతుంది. తలుపుకు, మంచం కోడుకు కొట్టుకుని మచ్చలు పడతాయి. ప్లేట్‌లెట్లు చూస్తే నిక్షేపంగా ఉంటాయి. అక్కడ చేయించాల్సింది ఫెనిటాయిన్ లెవల్ పరీక్ష. కార్బమజెపైన్ ఎక్కువైనా తూలడం ఇలాగే ఉంటుంది.

ప్లేట్‌లెట్లు మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల మధ్య ఉంటాయి. 1 లక్షకు కాస్త అటూఇటూ ఉన్నా చాలామందికి పైకి ఏమీ తెలియదు. 50 వేల లోపుకు వస్తే చిన్న దెబ్బకే కములుతుంది. 20 వేల లోపున దెబ్బ లేకుండానే రక్తస్రావం కావచ్చు. 10 వేల లోపు అత్యవసరం. ఒక్క రిపోర్టు చూసి మాత్రం కంగారు పడొద్దు. సీబీపీకి వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి, యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది. మచ్చలేమీ లేకుండా లెక్క మాత్రం 40 వేలు చూపిస్తే స్లైడు మీద చూడమని, లేదా నీలంరంగు మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయమని అడగండి. లేని జబ్బుకు పనిచేస్తున్న మందు మార్చుకోవడం కంటే రెండోసారి సూది పొడిపించుకోవడం నయం.

ఫోన్ల కోసం, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. ఫిట్స్‌లో తలకు దెబ్బ తగిలాక తెలివి పూర్తిగా రాకపోవడం, తలనొప్పి పెరుగుతూ వాంతులు కావడం, తారులా నల్లటి విరేచనం, వాంతిలో రక్తం, ముందుకు వంగి కూర్చుని ముక్కు మెత్తటి భాగాన్ని 15 నిమిషాలు గట్టిగా పట్టుకున్నా ఆగని రక్తం, జ్వరం గొంతునొప్పితో పాటు మచ్చలు, నోట్లో నెత్తుటి పొక్కులు. వీటిలో ఏది ఉన్నా నేరుగా ఎమర్జెన్సీకే.

వాల్‌ప్రోయేట్: డోసే అసలు సంగతి

సోడియం వాల్‌ప్రోయేట్, డైవాల్‌ప్రోయెక్స్ పేర్లు వేరైనా రక్తంలో చేరేది ఒకటే. కమిలిన మచ్చల విషయంలో ఎక్కువగా వినిపించే పేరు ఇదే, అందుకు కారణమూ ఉంది. కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీగ్రాములు తీసుకున్న 126 మంది మీద జరిగిన ఒక పరీక్షలో 34 మందికి, అంటే 27 శాతం మందికి, ఎప్పుడో ఒకప్పుడు ప్లేట్‌లెట్లు 75 వేలకో అంతకంటే దిగువకో వచ్చాయి. వాళ్లలో దాదాపు సగం మందికి మందు ఆపారు, లెక్క మళ్లీ పెరిగింది. మిగతావారికి మందు కొనసాగిస్తుండగానే సర్దుకుంది. అది చాలా పెద్ద డోసని గుర్తుంచుకోవాలి. 60 కిలోల మనిషికి రోజుకు 3,000 మిల్లీగ్రాములు. రోజుకు 600 నుంచి 1,000 మిల్లీగ్రాములు వేసుకునేవారికి ఆ 27 శాతం వర్తించదు.

పొద్దుటి డోసుకు ముందు తీసిన రక్తంలో వాల్‌ప్రోయేట్ లెవల్ ఆడవారిలో మిల్లీలీటరుకు 110 మైక్రోగ్రాములు, మగవారిలో 135 మైక్రోగ్రాములు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోయే అవకాశం బాగా పెరుగుతుంది. ఫిట్స్ అదుపుకు సాధారణంగా కావలసింది 50 నుంచి 100 మధ్య. మాత్ర వేసుకున్నాక రెండు గంటలకు తీసిన లెవల్ ఈ లెక్కకు పనికిరాదు, ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ల్యాబుకు మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే వేసుకోండి.

లెవల్ 100 లోపే ఉన్నా ఇబ్బంది రావచ్చు. వాల్‌ప్రోయేట్‌లో 80 నుంచి 90 శాతం రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకుని ఉంటుంది, పనిచేసేది మిగిలిన విడి భాగమే. లెవల్ 40 దగ్గర విడి భాగం 10 శాతమైతే 130 దగ్గర 18.5 శాతం. అంటే డోసు కొంచెం పెంచినా పనిచేసే మందు అంతకు మించి పెరుగుతుంది. వృద్ధుల్లో, పోషకాహారం తక్కువైనవారిలో, కిడ్నీ లేదా లివర్ జబ్బుతో ఆల్బుమిన్ తగ్గినవారిలో రిపోర్టులో 80 అని ఉన్నా ఒంట్లో ప్రభావం 120 అంత ఉండొచ్చు. ఇలాంటివారికి ఆల్బుమిన్ పరీక్ష కలిపి చేయించాలి. వీలున్న చోట విడి వాల్‌ప్రోయేట్ లెవల్ అడగాలి.

ప్లేట్‌లెట్ల లెక్క బాగుంటే అంతా బాగున్నట్టు కాదు. చెరువు గండి దగ్గర తట్టలకొద్దీ మట్టి ఉన్నా అది అంటుకోకపోతే గండి పూడదు. వాల్‌ప్రోయేట్ కొందరిలో ప్లేట్‌లెట్ల పనితీరును దెబ్బతీస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లయిన వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్‌ను, ఫైబ్రినోజెన్‌ను తగ్గిస్తుంది. అందుకే సీబీపీలో 1.8 లక్షలు ఉండి కూడా పన్ను పీకించుకున్నాక రక్తం ఆగనివారు ఉంటారు. మచ్చలు నిజంగా ఉండి లెక్క బాగుంటే రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీతో పాటు ఫైబ్రినోజెన్, వాన్ విల్‌బ్రాండ్ పరీక్షలు చేయించాలి. పీటీ పెరిగి ఉండి, మనిషి మందకొడిగా, వాంతులతో ఉంటే లివర్ దెబ్బతింటోందేమో చూడాలి. రెండేళ్లలోపు పిల్లలు, ముఖ్యంగా ఒకటికి మించి ఫిట్స్ మందులు వాడేవారు, ఈ విషయంలో ఎక్కువ ముప్పులో ఉంటారు.

ఇంతా చెప్పాక వాల్‌ప్రోయేట్ వైపు ఒక మాట అనాలి. దీనివల్ల తగ్గిన ప్లేట్‌లెట్లు చాలామందిలో డోసు తగ్గిస్తే కోలుకుంటాయి. అలవాటుగా పాటించే పద్ధతి ఇది: 1 లక్ష నుంచి 1.5 లక్షల మధ్య ఉండి మచ్చలు లేకపోతే డోసు అలాగే ఉంచి కొద్దివారాల్లో సీబీపీ మళ్లీ. 1 లక్ష లోపుకు జారితే డోసు కొంత తగ్గించి ఒకటి రెండు వారాల్లో మళ్లీ. 50 వేల లోపైనా, రక్తస్రావం ఉన్నా మందు మార్చే ఆలోచన. మొదటి చూపులోనే మార్చేయడం తొందరపాటు. ఎందుకంటే ఒళ్లంతా కొట్టుకునే రకం ఫిట్స్‌లో వాల్‌ప్రోయేట్ పనితనానికి సాటి మందు దొరకడం కష్టం. 2021లో వెలువడిన బ్రిటన్ శానాడ్-2 అధ్యయనంలో ఆ రకం ఫిట్స్‌కు లెవెటిరాసెటమ్ కంటే వాల్‌ప్రోయేటే మెరుగని తేలింది.

కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్

కార్బమజెపైన్ పేరెత్తగానే ఎముక మజ్జ ఆగిపోవడం గురించి భయపెడతారు. భయం అబద్ధం కాదు, కొలత తెలియాలి. ఎముక మజ్జ పూర్తిగా ఎండిపోయే జబ్బు మామూలు జనంలో ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికి వస్తే, తెల్లకణాలు పడిపోయే జబ్బు ఆరుగురికి వస్తుంది. కార్బమజెపైన్ వాడేవారిలో ఈ రెండూ 5 నుంచి 8 రెట్లు ఎక్కువ. రెట్లు పెద్దవే, అసలు సంఖ్య మాత్రం చిన్నది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గి మళ్లీ సర్దుకోవడం తరచుగా కనిపిస్తుంది, దానికి మందు మార్చక్కర్లేదు. గమనించాల్సిందల్లా, వాల్‌ప్రోయేట్ ఇబ్బంది డోసుతో పాటు మెల్లగా వస్తే, కార్బమజెపైన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ ప్లేట్‌లెట్ల మీదే తిరగబడే రకం మొదలుపెట్టిన తొలి వారాల్లో, ఒక్కసారిగా రావడం. అప్పుడు డోసు తగ్గిస్తే చాలదు, ఆ మందు ఆపి ఇంకొకటి పెట్టాలి, మళ్లీ ఎప్పుడూ దాని జోలికి వెళ్లకూడదు. ఆసియా మూలాలున్నవారు ఇది మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు పరీక్ష చేయించుకోవాలి. అది రక్తస్రావం కోసం కాదు, చర్మం ఊడిపోయే ప్రాణాంతక దద్దురు ముప్పు తెలియడం కోసం.

ఫెనిటాయిన్‌తో చిగుళ్ల రక్తాన్ని చూసి ప్లేట్‌లెట్లు అనుకునేవారు ఎక్కువ. ఈ మందు చిగుళ్లను ఉబ్బిస్తుంది. ఉబ్బిన చిగుళ్ల సందుల్లో పాచి చేరి వాపు వస్తుంది, బ్రష్ తగలగానే రక్తం. సీబీపీ బాగుండి రక్తం చిగుళ్లకే పరిమితమైతే వెళ్లాల్సింది పళ్ల డాక్టర్ దగ్గరికి. పాచి తీయించి, మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమితే చాలావరకు తగ్గుతుంది. చిగుళ్లు పళ్లను కప్పేంతగా పెరిగితే మందు మార్చడమే దారి.

ఫినోబార్బిటాల్, ప్రిమిడోన్ ప్లేట్‌లెట్లను తగ్గించడం అరుదు. వీటి కథ కాన్పు దగ్గర వస్తుంది.

రక్తం పలచబరిచే మందు కూడా వాడుతుంటే

ఈ ఎంపికలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ లివర్ ఎంజైములను ఉరకలెత్తిస్తాయి. దాంతో వార్ఫరిన్ తొందరగా ఖర్చైపోతుంది, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పడిపోతుంది. డాక్టర్ వార్ఫరిన్ పెంచుతారు, 4 మిల్లీగ్రాముల మనిషి 7, 8కి చేరొచ్చు. అంతవరకు బాగానే ఉంటుంది. అసలు ప్రమాదం కార్బమజెపైన్ ఆపినప్పుడు మొదలవుతుంది. ఎంజైములు రెండు మూడు వారాల్లో మామూలు స్థితికి వస్తాయి, పెంచిన వార్ఫరిన్ అలాగే ఉంటుంది, ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 5, 6కు ఎగబాకుతుంది. మందు ఆపిన వారం ఏమీ కాదు కాబట్టి అందరూ నిశ్చింతగా ఉంటారు, మూడో వారంలో మూత్రంలో రక్తం కనిపిస్తుంది. ఫిట్స్ మందు తెచ్చిన రక్తస్రావాల్లో ఇది మందు మానడం వల్ల వచ్చే రకం. ఇలాంటి మందు మొదలుపెట్టినా, డోసు మార్చినా, ఆపినా వారానికోసారి ఐఎన్‌ఆర్ కనీసం నాలుగు వారాలు చూడాలి. ఫినోబార్బిటాల్ ఒంట్లోంచి పోవడమే నిదానం, దానికి ఆరు వారాలైనా చూడటం మంచిది. ఫెనిటాయిన్ ఇంకో తిరకాసు చేస్తుంది: మొదటి రోజుల్లో ఐఎన్‌ఆర్‌ను పెంచి, తర్వాత తగ్గిస్తుంది.

రివరాక్సాబాన్, అపిక్సాబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్తరకం మందులకు ఐఎన్‌ఆర్ లాంటి రోజువారీ కొలత లేదు. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్‌లలో ఏది కలిసినా వాటి బలం తగ్గిపోతుంది, అదీ పైకి తెలియకుండా. ఇక్కడ ముప్పు రక్తస్రావం కాదు, గడ్డకట్టడం, పక్షవాతం. ఈ జంటను మొదటే వద్దనాలి. స్టెంట్ వేశాక ఇచ్చే టికాగ్రెలార్‌కూ ఇదే మాట.

వాల్‌ప్రోయేట్ ఎంజైములను ఉరకలెత్తించదు. కానీ ప్రొటీన్ మీద వార్ఫరిన్ కూర్చునే చోటు నుంచి దాన్ని నెట్టేస్తుంది, మొదట్లో ఐఎన్‌ఆర్ పెరగొచ్చు. ఆస్పిరిన్‌తో దాని చిక్కు రెండు వైపులది: ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను పనిచేయనివ్వదు, పైగా విడి వాల్‌ప్రోయేట్‌ను పెంచుతుంది. పిల్లల్లో జ్వరం డోసు ఆస్పిరిన్‌తో విడి భాగం నాలుగు రెట్లైన దాఖలా ఉంది.

వార్ఫరిన్ గానీ కొత్తరకం మందు గానీ తప్పనిసరైతే మా సలహా సూటిగా: లెవెటిరాసెటమ్ లేదా లామోట్రిజిన్. గుండె లయ బాగుంటే లాకోసమైడ్ కూడా. లెవెటిరాసెటమ్ కొత్తరకం మందుల బలం తగ్గిస్తుందేమోనని సిద్ధాంతపరంగా ఒక సందేహం చాలాకాలం నడిచింది, కార్బమజెపైన్‌తో ఉన్నంత పట్టింపు దానితో అక్కర్లేదు.

నిమ్మళమైనవాటిలోనూ తేడాలు

లెవెటిరాసెటమ్ ప్లేట్‌లెట్లను తగ్గించిన సందర్భాలు ఉన్నాయి కానీ అరుదు. ఎక్కువమంది దీన్ని మానేది చిరాకు, కోపం, దిగులు తట్టుకోలేక. కిడ్నీ పనితనం తగ్గితే డోసు తగ్గించాలి. లామోట్రిజిన్‌కు డోసు మెల్లగా పెంచాల్సిన ఓపిక కావాలి, తొందరపడితే ప్రమాదకరమైన దద్దురు. దద్దురుతో జ్వరం, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు కలిసి పడిపోతే అది మామూలు మచ్చల వ్యవహారం కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే ఆ అరుదైన స్థితి గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది.

టోపిరమేట్‌ను చాలామంది రక్తానికి సంబంధం లేని మందుగా చూస్తారు. ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్షలన్నీ కలిపి చూస్తే పెద్దల్లో రక్తస్రావం టోపిరమేట్‌తో 4.5 శాతం, ఉత్తుత్తి మాత్రతో 3 శాతం. పిల్లల్లో 4.4, 2.3 శాతం. ఎక్కువవి ముక్కు రక్తం, మచ్చలు, నెలసరి పెరగడం. తీవ్రమైనవి ఎక్కువగా ఆస్పిరిన్ లాంటివి కూడా వాడేవారిలోనో, ముందే రక్తస్రావ స్వభావం ఉన్నవారిలోనో వచ్చాయి. ప్రెగాబలిన్ ప్లేట్‌లెట్లను సగటున కొద్ది వేలు తగ్గిస్తుంది, దానివల్ల రక్తస్రావం పెరిగినట్టు కనిపించలేదు. గాబాపెంటిన్, క్లోబజామ్, బ్రివరాసెటమ్‌ల గురించి ఈ కోణంలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫెల్బమేట్ మాత్రం ఎముక మజ్జ జబ్బు వల్ల 1994 నుంచి వేరే దారి లేనివారికే పరిమితం.

ఎవరికి ఏది

శరీరంలో ఒక భాగంలో మొదలయ్యే ఫిట్స్‌కు చేతిలో మందులు చాలా ఉన్నాయి. వాల్‌ప్రోయేట్‌తో మచ్చలు వస్తుంటే లామోట్రిజిన్‌కు మారడం పెద్ద త్యాగమేమీ కాదు. తొందరగా అదుపు కావాలంటే లెవెటిరాసెటమ్.

యవ్వనంలో మొదలై పొద్దున్నే చేతులు ఉలిక్కిపడే రకమైతే చూసి అడుగేయాలి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, గాబాపెంటిన్ ఆ ఉలికిపాట్లను పెంచుతాయి. లామోట్రిజిన్ కూడా కొందరిలో పెంచుతుంది. అలాంటి యువకుడికి ప్లేట్‌లెట్లు 90 వేలైతే ముందు వాల్‌ప్రోయేట్ తగ్గించి చూడటం, చాలకపోతే లెవెటిరాసెటమ్ కలపడం మా ఎంపిక. రెండూ తక్కువ డోసుల్లో ఉంటే మచ్చలూ తగ్గుతాయి, అదుపూ నిలుస్తుంది. క్షణాలపాటు చూపు నిలిచిపోయే రకం మాత్రమే ఉన్న పిల్లలకు ఎథోసక్సిమైడ్ ఉంది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌ను అది ఆపదు.

నెలసరి ఎక్కువయ్యే అమ్మాయిలకు, బిడ్డను కనే వయసు ఆడవారికి వాల్‌ప్రోయేట్ మొదటి ఎంపిక కానే కాదు. రక్తం మాట పక్కన పెట్టినా కడుపులో బిడ్డకు అది చేసే హాని అంత పెద్దది. నెలసరి తగ్గించడానికి హార్మోన్ మాత్రలు ఇస్తే ఇంకో ముడి పడుతుంది: కార్బమజెపైన్, ఫెనిటాయిన్ ఆ మాత్రల బలాన్ని తీసేస్తాయి. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలేమో లామోట్రిజిన్ లెవల్‌ను సగానికి దించగలవు, ఫిట్స్ తిరిగొస్తాయి. లెవెటిరాసెటమ్‌తో ఈ పేచీ లేదు.

మైగ్రేన్ కోసమో మానసిక స్థితి కోసమో ఈ మందులు వాడేవారికి మార్చుకునే స్వేచ్ఛ ఎక్కువ. మైగ్రేన్‌కు ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి ఉన్నాయి. వాల్‌ప్రోయేట్‌తో పాటు దిగులుకు ఇచ్చే సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మందు కూడా ఉంటే మచ్చలకు రెండూ కారణం కావచ్చు, ఎందుకంటే ఆ మందులూ ప్లేట్‌లెట్ల పట్టును తగ్గిస్తాయి.

మార్చేటప్పుడు జారే చోట్లు

పాతది ఆపి కొత్తది మొదలుపెట్టడం కాదు, రెండింటినీ కొన్ని వారాలు కలిపి నడపాలి. లెవెటిరాసెటమ్ 500 మిల్లీగ్రాములు రెండు పూటలా మొదలుపెడితే రోజుల్లోనే పని అందుకుంటుంది, అప్పుడు వాల్‌ప్రోయేట్ మెట్లు మెట్లుగా దించొచ్చు. లామోట్రిజిన్‌కు అలా కుదరదు. వాల్‌ప్రోయేట్ దాన్ని ఒంట్లో నిలవేస్తుంది కాబట్టి రెండూ కలిసున్నప్పుడు మొదటి రెండు వారాలు 25 మిల్లీగ్రాములు రోజు మార్చి రోజు, తర్వాత రెండు వారాలు రోజూ 25. వాల్‌ప్రోయేట్ పూర్తిగా పోయాక లామోట్రిజిన్ లెవల్ దాదాపు సగానికి పడుతుంది. ఆ సమయంలో డోసు పెంచడం మరిచిపోతే ఫిట్స్ వస్తాయి, కొత్త మందు పనిచేయలేదనే తప్పు ముద్ర పడుతుంది. ప్లేట్‌లెట్లు 30 వేలే ఉండి రక్తం కారుతున్న మనిషికి ఇన్ని వారాలు ఆగే వీలుండదు. అక్కడ లెవెటిరాసెటమే దిక్కు.

ఆపరేషన్, నొప్పి మాత్రలు, రక్తం ఆపే మందులు

వాల్‌ప్రోయేట్ మీద ఉన్నవారు వెన్నెముక, మెదడు, తుంటి ఆపరేషన్‌లాంటి పెద్దవాటికి రెండు వారాల ముందే సీబీపీ, పీటీ, ఏపీటీటీ, ఫైబ్రినోజెన్ చేయించాలి. ముందురోజు చేయిస్తే తేడా కనిపించినా సరిదిద్దే సమయం ఉండదు. చాలా ఆపరేషన్లకు 50 వేలు, మెదడు ఆపరేషన్‌కు 1 లక్ష ప్లేట్‌లెట్లు ఉండాలంటారు. ఆపరేషన్ రోజు ఖాళీ కడుపన్నారని ఫిట్స్ మాత్ర మానొద్దు, గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చేమో మత్తు డాక్టర్‌ను అడగండి.

నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మచ్చలున్నంతకాలం పక్కన పెట్టి, చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడండి. ఐబుప్రోఫెన్ వద్దన్నారని దాని బదులు ట్రమడాల్ రాస్తే ఫిట్స్ సంగతి గుర్తుచేయండి, అది ఫిట్స్‌ను రేపుతుంది. జింకో ఆకు మాత్రలు రక్తానికీ ఫిట్స్‌కూ రెండింటికీ మంచివి కావు. చేప నూనె, వెల్లుల్లి క్యాప్సూల్స్ వేసుకుంటుంటే ఆ మాటా డాక్టర్‌కు చెప్పండి.

రక్తం ఆపే మందుల్లోనే రెండు ఫిట్స్ రోగికి తేడా చేసేవి. నెలసరికి, పన్ను పీకాక ఇచ్చే ట్రానెక్సమిక్ ఆమ్లం పెద్ద డోసులో ఫిట్స్ తెప్పించగలదు. వాన్ విల్‌బ్రాండ్ లోపానికి ఇచ్చే డెస్మోప్రెసిన్ సోడియం తగ్గిస్తుంది. కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ అప్పటికే సోడియం తగ్గించి ఉంటే ఇది తోడై ఫిట్స్ రావచ్చు. ఇవ్వాల్సి వస్తే నీళ్లు తాగడం అదుపులో ఉంచి సోడియం చూస్తూ ఇస్తారు. ఆ డాక్టర్‌కు మీరు ఫిట్స్ మందు వాడుతున్నట్టు తెలిసి ఉండాలి, అంతే.

కాన్పు, పుట్టిన బిడ్డ

కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, ప్రిమిడోన్ వాడే తల్లి కడుపులో బిడ్డకు విటమిన్ కె తగ్గవచ్చు. పుట్టిన మొదటి 24 గంటల్లోనే బొడ్డు నుంచి, కడుపులో, తలలో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంటుంది. పుట్టగానే బిడ్డ తొడకు 1 మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజెక్షన్ తప్పనిసరి. ఇలాంటి బిడ్డకు నోటి చుక్కలతో సరిపెట్టొద్దు. తల్లికి చివరి నెలలో విటమిన్ కె మాత్రలు ఇవ్వాలా అన్నదానిపై డాక్టర్లలో రెండు అభిప్రాయాలున్నాయి, బిడ్డకు ఇంజెక్షన్ విషయంలో మాత్రం రెండో మాట లేదు. తల్లి వాల్‌ప్రోయేట్ మీద ఉంటే బిడ్డకు ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు తగ్గే వీలుంది. అందుకు విటమిన్ కె ఒక్కటే చాలదు, బిడ్డ రక్తం కూడా పరీక్షించాలి. ఏ మందు, ఎంత డోసు అన్నది కాన్పు ఫైలు మొదటి పేజీలోనే రాయించండి. నొప్పులు మొదలయ్యాక ఆ వార్డులో ఉండేది మీ న్యూరాలజిస్ట్ కాదు.